దమయంతి చర్మం

పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ల చేతులు చూసి వాళ్ల వయసు చెప్పడం ఎవరి తరమూ కాదు. జీడిపిక్క పెంకులో ఉండే నూనె మామూలు నూనె కాదు, తగిలిన చోటల్లా కాలుస్తుంది. పనిలోకి దిగేముందు చేతులకు ఆముదమో బూడిదో రాసుకుంటారు గానీ, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాల్చిన పిక్కలు పగలగొట్టే చేతికి ఆ పూత ఏమూలకి? ఏడాది తిరిగేసరికి అరచేతులు నల్లబడతాయి. పదేళ్లకు వేళ్ల కొసలు అరిగిపోయి, వేలిముద్ర కూడా సరిగా పడదు. ముప్పై ఏళ్లు ఆ పని చేసిన అసిరమ్మ చేతులు మాడిన అట్లకాడల్లా ఉండేవి. ఆ మాట అన్నది ఊళ్లోవాళ్లు కాదు, నవ్వుతూ ఆవిడే అనేది.

నవ్వడం వరకూ ఇంట్లోనే. పెళ్లికో పేరంటానికో వెళితే మాత్రం ఆ చేతులు పైటకొంగు కింద దాక్కునేవి. అందరూ తిని లేచాక, చివరి బంతిలో, ఒక మూల విస్తరి ముందు కూర్చునేది. పక్కన కూర్చున్న పిల్లలు ఆ నల్లటి వేళ్లు అన్నం కలుపుతుంటే చూసి మొహం తిప్పుకునేవారు. అసిరమ్మ ఒక్కగానొక్క కూతురు దమయంతి ఇదంతా చిన్నప్పటినుంచి చూసింది. చూసి చూసి కడుపు మండి, పెద్దయ్యాక అమ్మ చేతులు బాగు చేయిస్తానని ఒట్టు పెట్టుకుంది. పిల్లలు పెట్టుకునే ఒట్లు నిలవవంటారు గానీ దమయంతి మొండిఘటం. లేజర్ మిషన్ల మీద పని నేర్చుకుని, ఇరవై ఏడో ఏట పలాసకు ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో కొత్తగా పెట్టిన చర్మ వైద్యశాలలో చేరింది.

ఆ వైద్యశాలకు ఒక ప్రత్యేకత ఉంది. మామూలు లేజర్ మచ్చను కాల్చి తీసేస్తుంది. ఇక్కడి మిషను దేన్నీ కాల్చదు. ముందు రోగి ఒంటి మీద బాగున్న చోట చర్మాన్ని చదువుకుంటుంది. ఏ కణం పక్కన ఏ కణం ఉండాలి, రంగెంత, ముడత ఎక్కడ అనే అమరికంతా పట్టుకుంటుంది. తరువాత అదే అమరికను పాడైన చోట కాంతితో ముద్ర వేస్తుంది. నెల తిరిగేసరికి పాత చర్మం పొట్టులా రాలిపోయి, కొత్త చర్మం ఆ ముద్ర ప్రకారం పుడుతుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ మృదుల విశాఖపట్నంలో ఉంటారు. ఆవిడ పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగక, పలాసలో అందరూ దాన్ని అచ్చు మిషను అనేవారు.

కార్తీక మాసంలో జీడిపప్పు పనివాళ్లకు ఉచితంగా వైద్యం చేస్తామని శిబిరం పెట్టారు. ముప్పై ఏడుమంది వచ్చారు. మొట్టమొదట కూర్చున్నది తవిటమ్మ, అసిరమ్మతో పాతికేళ్లు పక్కపక్కన పిక్కలు కొట్టిన మనిషి.

దమయంతి ఆమె మోచేతి లోపలి వైపు మిషను ఆనించింది. ఎర్ర దీపం వెలిగింది. చూస్తే అక్కడ మణికట్టు నుంచి మోచెయ్యి దాకా పచ్చబొట్లు. మొగుడి పేరు, తేలు బొమ్మ, చుక్కల ముగ్గు. రెండో చెయ్యీ అంతే. పచ్చబొట్టు ఉన్న చర్మాన్ని మిషను చదవదు.

"పిన్నీ, వీపు మీద చదివించాల. కొంచెం అటు తిరిగి జాకెట్టు వదులు చెయ్యి" అంది దమయంతి.

"ఓలమ్మో! ఇంతమంది మగోలు తిరుగుతున్న కాడ ఈపు సూపించడమేటి? నానొల్లను."

"కర్టెన్ వేస్తాను పిన్నీ."

"కర్టెనూ ఒద్దు, ఏటీ ఒద్దు. సేతులు బాగు చెయ్యమంటే ఈపు అడుగుతావేటి? నానెల్లిపోతాను."

నిజంగానే లేచింది. ఆమె లేస్తే వెనకున్న ముప్పై ఆరుమందీ లేచేలా ఉన్నారు. ఆ వరసలో చివరన అసిరమ్మ కూర్చుని ఉంది, అలవాటు ప్రకారం చేతులు కొంగులో పెట్టుకుని. దమయంతి ఆమె వైపు ఒకసారి చూసింది. చర్మం ఎవరిదైతేనేం, బాగున్న చర్మం కావాలి, అంతేకదా అనుకుంది. తన చొక్కా చెయ్యి పైకి మడిచి, తన మోచెయ్యిని మిషను కింద పెట్టింది. పచ్చ దీపం వెలిగింది.

మొదటిసారి ఎవరైనా చూశారేమోనని భయపడింది. రెండోసారి అంత లేదు. మూడోసారికి తన చెయ్యి పెట్టడం కూడా మానేసి, ఒకసారి చదివించిన అచ్చునే సాయంత్రం దాకా అందరికీ వాడింది. ఎవరితోనూ ఈ సంగతి చెప్పలేదు. ఆఖరున తల్లి కూర్చుంటే ఆ నల్లటి చేతుల మీద కాంతి అంగుళం అంగుళం నడిపిస్తూ, లోలోపల మురిసిపోయింది.

నెల తిరిగేసరికి పలాస పలాసంతా నోరు వెళ్లబెట్టింది. ముప్పై ఏడుమంది చేతులూ చామనఛాయలో, నున్నగా, పాతికేళ్ల పిల్లల చేతుల్లా ఉన్నాయి. ఫ్యాక్టరీ వాళ్లు రబ్బరు తొడుగులు ఇచ్చి, ఇకమీదట ఇవి వేసుకునే పనిలోకి దిగాలన్నారు. డాక్టర్ మృదుల ఫోన్ చేసి, "విశాఖలో మాకు ఇందులో సగం కూడా రావడం లేదు. కొత్త మచ్చలు పోతున్నాయి గానీ పాతవి మళ్లీ పైకి వస్తున్నాయి. మీరేం చేస్తున్నారమ్మా?" అని అడిగారు. "మీరు చెప్పినట్టే మేడం" అంది దమయంతి. ఆ అబద్ధం ఆడుతున్నప్పుడు నాలుక కాస్తయినా తడబడలేదు.

ఆ నెలలోనే చుట్టాలింట్లో పెళ్లి. అసిరమ్మ మొదటి బంతిలో కూర్చుని, రెండు చేతులూ విస్తరి మీద పెట్టుకుని, దప్పళం మళ్లీ అడిగి వేయించుకుంది. ఎదురుగా కూర్చున్న దమయంతి తన విస్తరి సంగతి మరిచిపోయి ఆ చేతులనే చూస్తూ కూర్చుంది.

తరువాత ఒక ఆదివారం మధ్యాహ్నం దమయంతి పెరట్లో బట్టలు ఉతుకుతోంది. లోపల ఫోన్ మోగింది. అసిరమ్మ తీసుకొచ్చేలోపే ఆగిపోయింది.

"ఎవులో సేసినారు, సూసుకో" అంటూ చేతికిచ్చింది.

దమయంతి చూసేసరికి ఫోన్ తెరుచుకుని ఉంది. అది తన బొటనవేలికి తప్ప తెరుచుకోదు.

"అమ్మా, దీన్ని నువ్వేటి చేసినావు?"

"నానేటి సేస్తాను? వొట్టినే అట్టుకున్నాను."

ఫోన్ మూసి మళ్లీ ఇచ్చింది. అసిరమ్మ వేలు తగలగానే తెరుచుకుంది. పదిసార్లు మూసింది, పదిసార్లూ తెరుచుకుంది. దమయంతి తల్లి చెయ్యి లాక్కుని ఎండలో పెట్టి చూసింది. ఎడమ చూపుడువేలి మీద చంద్రవంకలా ఒక గాటు. తను ఎనిమిదో తరగతిలో కత్తిపీట మీద మామిడికాయ కోస్తూ తెగ్గోసుకున్న గాటు.

అసిరమ్మ కూడా వంగి చూసింది. "ఇది నీది కదే గుంటా" అంది మెల్లిగా.

మర్నాడు భోజనాల వేళ దమయంతి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లింది. ఏదో పరీక్ష అని చెప్పి, చెట్టు నీడన వాళ్లను వరసగా కూర్చోబెట్టి ఫోన్ పట్టుకుని నడిచింది. తవిటమ్మ వేలు పెట్టింది, తెరుచుకుంది. పక్కావిడ పెట్టింది, తెరుచుకుంది. వాళ్లకు అదో వేడుకైపోయింది. నాది, నాది అంటూ ఎగబడి మరీ వేళ్లు చాపారు. ఏ చెయ్యి చాపినా చూపుడువేలి మీద ఆ చంద్రవంకే. ఇరవయ్యో మనిషి దగ్గరకొచ్చేసరికి దమయంతి ఫోన్ వెనక్కి లాక్కుంది. ఆ చేతులన్నీ తన ఒంటి నుంచి ఊడి వచ్చి, తన వైపే చాచుకున్నట్టు అనిపించింది.

"మొన్న బియ్యానికెల్తే మిసను నా వేలు ఒప్పుకోనేదు" అని తవిటమ్మ నవ్వింది. "కంటిపాప సూపిస్తే ఇచ్చినారు. కొత్త సేతులు కదా, దానికింకా అలవాటవనేదేమో!"

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక సాయంత్రం అసిరమ్మ దీపం వెలుగులో మోచెయ్యి చాపి కూతుర్ని పిలిచింది. ఆ చేతి మీద మణికట్టు నుంచి పైకి మూడక్షరాలు పచ్చబొట్టు ఉండేది, గురయ్య అని, దమయంతి తండ్రి పేరు. ఆయన పోయి పదహారేళ్లు.

"నాకు సదువు రాదు గాని, ఇక్కడ మూడుండాల కదా. రెండే ఉన్నాయేటే?"

మణికట్టు పక్కన ఉండాల్సిన మొదటి అక్షరం లేదు. చెరిగినట్టు లేదు, అలుక్కుపోయినట్టూ లేదు. అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు కొత్త చర్మం ఉంది. దమయంతి తన మోచేతిని పక్కన పెట్టి చూసింది. తన మణికట్టు పైన ఆవగింజంత పుట్టుమచ్చ ఉంది. తల్లికీ సరిగ్గా అక్కడే ఉంది.

ఆ వారం రోజులూ పెన్నుతో గీత పెట్టి చూసింది. వారానికి రెండు వేళ్ల మేర కొత్త చర్మం పైకి పాకుతోంది. ఇక లాభం లేదని డాక్టర్ మృదులకు ఫోన్ చేసి, జరిగిందంతా ఏడుస్తూ ఒప్పేసుకుంది.

ఆవిడ మర్నాడే వచ్చారు. తిడతారనుకుంటే తిట్టలేదు. అసిరమ్మ రెండు చేతులూ మిషను కింద పెట్టించి, తెర మీద గీతల్ని చాలాసేపు చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎవరి అచ్చు వాళ్లకు వేస్తే, బాగున్న చర్మం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. రెండు వైపులా ఒకే అమరిక కాబట్టి ఇక మార్చాల్సింది ఏమీ ఉండదు. ఇక్కడ ఆగదు. పక్క కణం ఎప్పుడూ తేడాగానే కనిపిస్తుంది, దాన్నీ మార్చేస్తుంది. కణాలు మీ అమ్మవే, అమరిక మాత్రం నీది."

"మరి నా గాటు ఎలా వచ్చింది మేడం? నేను చదివించింది మోచెయ్యి కదా."

"నాకూ ఇప్పుడే తెలుస్తోంది. చర్మంలో ఏ మూల చదివినా మొత్తం ఒంటి లెక్క ఉన్నట్టుంది. తగిలిన ప్రతి దెబ్బా అందులో చేరుతుంది. విశాఖలో పాత మచ్చలు మళ్లీ వస్తున్నది అందుకే." ఆవిడ మిషను మీద చెయ్యి వేశారు. "మిషను చేసినప్పుడు ఎవరెవరు ఏ తప్పు చేస్తారో అన్నీ ఊహించాను దమయంతీ. తన చర్మం తీసి ఇంకొకళ్లకు ఇచ్చేవాళ్లు ఉంటారని ఊహించలేదు."

"ఇది ఎంతదాకా పోతుంది?"

"ఎండాకాలం చివరికల్లా మొహానికి చేరుతుంది. ఎముకలు వాళ్లవే గాని, పైకి కనిపించేదంతా నువ్వే."

ఆపే దారి ఒకటే ఉంది. వాళ్ల వీపు ఇంకా వాళ్లదే. అక్కడ చదివించి సొంత అచ్చు తిరిగి వేస్తే, కొత్త చర్మం వెనక్కి తగ్గుతుంది. కాకపోతే సొంత లెక్కలో కాలిన గాయాలన్నీ ఉన్నాయి. నల్ల చేతులు మళ్లీ వచ్చేస్తాయి.

దమయంతి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. తన తప్పు దాచకుండా చెప్పి, చేతులు పట్టుకుని బతిమాలింది. ముప్పై ఏడుమందిలో తిరిగి వేయించుకుంటామన్నవాళ్లు నలుగురంటే నలుగురు. తవిటమ్మయితే గడప దాటి లోపలికి రానివ్వలేదు.

"నా మనవరాలు పుట్టి నాలుగేళ్లయినాది. మొన్ననే నా సేతి ముద్ద తినడం మొదలెట్టింది. నీ మొకమొస్తే రానీ, నీదేటి అంత చెడ్డ మొకమా? నాకొద్దు నా పాత సేతులు."

 అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. అసిరమ్మ కూడా ఒప్పుకోలేదు.

"నువ్విచ్చిన సేతులే కదా ఇవి. తిరిగిచ్చెయ్యమంటావేటి?"

"అమ్మా, అవి పైకి వస్తన్నాయి. నీ మొకం పోతాది."

"పోతే నీదొస్తాది కదా. కూతురు తల్లిలా ఉంటే ఒప్పయితే తల్లి కూతురిలా ఉంటే తప్పేటి?"

అని నవ్వేసింది. దమయంతి నవ్వలేకపోయింది. ఈ మనిషి మొహంలో ఆ రెండు బుగ్గల మీది గీతలు, నుదుటి మీద పొయ్యి పొగకు కమిలిన చాయ, కంటి కింద ఆ నలుపు, అవే ఆమెకు అమ్మ. ఎండాకాలం వెళ్లేసరికి తను అద్దంలో చూసుకునే మొహం తనకు అన్నం పెడుతుంది.  ఆ మాట గట్టిగా చెప్పి, ఏడ్చి, రెండు రోజులు మాట్లాడడం మానేసింది. అసిరమ్మ చలించలేదు.

ఉగాది ముందు ఒక పొద్దున్న అసిరమ్మ తనంతట తానే వైద్యశాలకు వచ్చింది. లోపలి గదిలోకి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే అటు తిరిగి కూర్చుని, జాకెట్టు వదులు చేసింది.

"నిన్న సాయంత్రానికి మీ నాన్న పేరు మొత్తం ఎల్పోయిందే. సేతులు ఎవరివైనా పరవానేదు. రేపు నాను సచ్చి ఆడికెల్తే, నీ మొకమేసుకుని నిలబడితే ఆయన నన్ను గురుతు పడతాడేటి? కానీ, తిరిగెయ్యి."

వీపు మీద మిషను ఆనించింది దమయంతి. పచ్చ దీపం వెలిగింది.

సొంత అచ్చు వేసిన నాలుగో రోజు నుంచి మొదలైంది. కాలిన గాయాలు ఊరికే తిరిగి రాలేదు. ఏ గాయం వచ్చినా మొదటిసారి కాలినప్పుడు ఎంత మండిందో అంతా మండింది. అవీ వరసగా వచ్చాయి, ముందు పాతవి, తరువాత కొత్తవి. ముప్పై ఏళ్ల మంట నలభై రోజుల్లో. డాక్టర్ మృదుల మందులు పంపారు, ఏవీ పనిచెయ్యలేదు. ఆ నలభై రోజులూ దమయంతి సెలవు పెట్టి, తల్లి చేతుల కింద తడిగుడ్డ పెట్టుకుని పక్కనే కూర్చుంది.

"ఇది నా పెళ్లయిన ఏడాదిది" అనేది అసిరమ్మ పళ్లు బిగించి, మణికట్టు మీద పొక్కుతున్న చోటు చూస్తూ. ఇంకో రోజు, "ఇది నువ్వు కడుపులో ఉన్నప్పటిది. వాంతొస్తే పెనం మీద సెయ్యి పెట్టేసినాను." మరో రోజు కుడి అరచెయ్యంతా ఒక్కసారిగా నల్లబడి పొంగింది. అసిరమ్మ ఆ చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. తరువాత అంది, "మీ నాన్న పోయిన ఏడాది. పదకొండో రోజు దాటగానే పనిలోకెల్లినాను. ఆ నెలంతా సేతికి ఆముదం రాసుకోనేదు. ఎందుకు రాసుకోనేదో నాకే తెలదు."

ఈ మాటల్లో ఒక్కటీ దమయంతి ఇంతకు ముందు వినలేదు. చేతులు బాగు చెయ్యాలనుకుందే గాని, ఆ చేతులకు ఏమైందో ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి అడిగింది లేదు. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నలభయ్యో రోజు దాటాక మంట చల్లారింది. నల్లటి చేతులు, అరిగిన వేళ్లు, ముడతలు పడ్డ మోచేతులు, అన్నీ ఉన్నచోటికి వచ్చేశాయి. మొహం చెక్కుచెదరలేదు. పచ్చబొట్టు మాత్రం తిరిగి రాలేదు. సిరా చర్మం కాదు కదా, దాని లెక్క చర్మానికి తెలియదు. అయినా దమయంతి ఆ రోజు తల్లి బుగ్గకు బుగ్గ ఆనించి, ఎన్ని నెలలకో హాయిగా నిద్రపోయింది.

ఊళ్లో మాత్రం ఎండాకాలం తన పని తాను చేసుకుపోయింది. జూన్ నాటికి బజారులో కూరలు బేరమాడే ఆవిడ గిరుక్కున తిరిగితే దమయంతి మొహం. రైల్వే గేటు దగ్గర నెత్తిన మూటతో నిలబడ్డ ఆవిడది దమయంతి మొహం. జుట్టు నెరిసి, నడుం వంగి, నోట్లో రెండు పళ్లు లేని దమయంతి, అరటిపండు ఒలుచుకుంటూ పలకరింపుగా నవ్వేది. ఒకళ్లకు ముక్కు కాస్త పొడుగు, ఒకళ్లకు దవడ వెడల్పు, అంతే తేడా. మొదట్లో జనం ఆగి చూసేవారు. తరువాత అలవాటు పడిపోయారు. దమయంతి ఒక్కతే అలవాటు పడలేక, తల వంచుకుని గోడ వారనే నడిచేది.

శ్రావణ మాసంలో ఒక సాయంత్రం వాన కురుస్తుండగా ఇంటికి వచ్చింది. తలుపు గడియ వేసి ఉంది. పగటిపూట ఏనాడూ గడియ వెయ్యని ఇల్లు అది. రెండుసార్లు తట్టాక పక్కనున్న కిటికీ రెక్క తెరుచుకుంది. ఊచల వెనక అసిరమ్మ. ఏళ్ల తరబడి పొగకు మసకబారిన కళ్లు చికిలించి, దమయంతి మొహంలోకి ఎగాదిగా చూసింది.

"ఎవరమ్మా నువ్వు?"

"అదేటమ్మా? నేనే."

అసిరమ్మ కదల్లేదు. నల్లటి వేళ్లతో ఊచలు గట్టిగా పట్టుకుంది.

"ఇందాకొచ్చినామె కూడా నేనే అంది. కూకోబెట్టి అన్నమెట్టినాను. తినేసి, తలకాయి నిమిరించుకుని, ఎల్లొస్తానక్కా అంటే గాని తవిటమ్మని తెలనేదు." ఆమె ఊచలకు చెవి ఆనించింది. "సెవిలో వాన హోరు. మాట పోల్చలేకపోతన్నాను. ఏదైనా గురుతు సూపించమ్మా, తలుపు తీస్తాను."

దమయంతి చెయ్యి చాపబోయి ఆగిపోయింది. చూపుడువేలి గాటు తనతో కలిపి ముప్పై మూడుమందికి ఉంది. పుట్టుమచ్చ ముప్పై మూడుమందికి ఉంది. ఊచల మీది ఆ రెండు చేతుల్లాంటివి లోకంలో ఇంకెక్కడా లేవు, వాటిని ఎక్కడ చూసినా ఆమె గుర్తుపడుతుంది. తల్లికి చూపించడానికి మాత్రం తన ఒంటి మీద తన ఒక్కదానిదే అన్నది వెతికినా ఒక్కటి కనిపించలేదు. చూరు నీళ్లు నెత్తిన పడుతుంటే అలాగే గుమ్మం ముందు నిలబడిపోయింది.